వెనుక గదిలో ఎర్ర దీపము



ఈ నెల మేము వ్రాయబోవు సంగతి చూపునకు చాలా చిన్నది. అరచేతిలో పట్టునంత తెల్లని పెట్టె ఒకటి, దాని ముందు భాగమున ఆవగింజంత దీపము ఒకటి. ఆకుపచ్చగా వెలుగవలసిన ఆ దీపము మా ఇంటి వెనుక గదిలో మూడు దినములు ఎర్రగా వెలిగింది. మేము చూశాము. "ఆదివారము గడవనీ, తీరికగా చూద్దాము" అనుకొని ఊరుకున్నాము. మూడవ రాత్రి జరిగినది తలచుకొంటే ఇప్పటికీ మా మనస్సు కలుక్కుమంటుంది.

మేమున్నది పాత బంగళా. రాతి గోడలు, ఒక్కొక్కటి అడుగున్నర మందము. వెనుక గది మా అమ్మది. ఆమెకు 78 సంవత్సరములు. ఆయాసము ఉన్నది. ఆ గదిలో సెల్ ఫోనుకు టవరు సిగ్నలు అందదు. కిటికీ దగ్గర నిలబడితే ఒక గీత వస్తుంది, మంచము దగ్గరకు రాగానే పోతుంది. అందుచేత మామూలు ఫోను కాల్ ఇంట్లోని వైఫై ద్వారానే వెళ్లునట్లు ఫోనులో ఏర్పాటు చేశాము. దీనిని వైఫై కాలింగ్ అంటారు. మన దేశములో 2019 డిసెంబరులో ఈ సదుపాయము మొదలైంది. రాత్రి వేళ అమ్మకు ఏదైనా అవసరమైతే మంచము మీద నుండి లేవకుండానే ఫోను నొక్కుతుంది, ముందు గదిలో మా ఫోను మ్రోగుతుంది. రెండేళ్లుగా ఇదే అలవాటు.

ఆ రాత్రి రెండు గంటల వేళ అమ్మకు ఊపిరి అందలేదు. ఫోను నొక్కింది. నాలుగు సార్లు నొక్కింది. మా ఫోను ఒక్కసారి కూడా మ్రోగలేదు. చేతికర్రతో గోడ మీద తట్టిందట. ఆ గోడలో నుండి మాకేమి వినబడుతుంది? దిండ్లు వీపు వెనుక పేర్చుకొని, పీల్చే మందు చీకటిలో తానే తడిమి తీసుకొని, తెల్లవారే దాకా అలాగే కూర్చున్నది. ఉదయము కాఫీ తీసుకొని వెళ్లిన మా శ్రీమతితో, "ఫోను పాడైనట్టుందమ్మాయ్, అబ్బాయిని ఒకసారి చూడమను" అన్నది. అంతే. నిష్ఠూరము ఒక్క మాటైనా లేదు. ఫోను తీసి చూస్తే అందని కాల్స్ నాలుగు వరుసగా ఉన్నవి.

దేవుని దయ వలన అమ్మ ఇప్పుడు క్షేమముగానే ఉన్నది. అయితే ఆ ఎర్ర దీపము సంగతి మీతో చెప్పుకొనకుండా ఉండలేకపోయాము. ఎందుకంటే నేడు మన పల్లెలలో కూడా అనేక గృహములలో ఇటువంటి పెట్టెలు ఉన్నవి. పండుగకు వచ్చిన కుమారుడో అల్లుడో బిగించి, తిరిగి హైదరాబాదుకో గల్ఫుకో వెళ్లిపోతారు. దీపము ఎర్రబడితే ఇంట్లో ఉన్న పెద్దలకు ఏమి చేయవలెనో తోచదు. కొందరు అన్ని తీగలూ పీకి మరల గుచ్చుతారు. కొందరు మేము చేసినట్లు చూచి ఊరుకుంటారు. ఈ రెండిటి కంటె మంచి దారి ఒకటి ఉన్నది. అది ఒక క్రమములో, ఒక్కొక్కటిగా చూచుకొంటూ వెళ్లుట.

వల, దాని ముడులు

మెష్ అనగా వల. ఒకే వైఫై పెట్టె పెద్ద ఇంటికంతటికీ చాలదు గనుక రెండు మూడు పెట్టెలను ఇంట్లో అక్కడక్కడ ఉంచి, అన్నీ కలిసి ఒకే పేరుతో ఒకే వైఫైగా పని చేయునట్లు చేస్తారు. వలలోని ముడుల వంటివి ఈ పెట్టెలు. వీటినే నోడ్‌లు అంటారు.

వీటిలో ఒకటి పెద్ద ముడి. వీధిలో నుండి వచ్చే ఫైబరు తీగ ఇంట్లో ఒక చిన్న యంత్రములోనికి వస్తుంది. మన వాళ్లు దానిని మోడెమ్ అంటారు. ఆ మోడెమ్‌కు తీగతో కలిసి ఉన్నదే పెద్ద ముడి. మిగిలినవి తీగ లేకుండానే, రేడియో తరంగములతో ఒకదానితో ఒకటి మాట్లాడుకొంటాయి. మా ఇంట్లో ముందు గదిలో పెద్దది, నడిమి గదిలో ఒకటి, అమ్మ గదిలో ఒకటి. ముందు గది పెట్టె మాట నడిమి పెట్టె వింటుంది, దానిని వెనుక పెట్టెకు అందిస్తుంది. బావి దగ్గర నుండి వంటింటి దాకా వరుసగా నిలబడి బిందెలు అందించుకొన్నట్లే. నడుమ ఒకరు పక్కకు తప్పుకొంటే ఆఖరి వారికి నీరు రాదు.

కాబట్టి ఆఖరి పెట్టె దీపము ఎర్రబడితే తప్పు ఆఖరి పెట్టెదే అనుకొనరాదు. ముందుగా నడిమి పెట్టె బాగున్నదా అని చూడవలెను. దానిని ఎవరైనా సెల్ ఫోను ఛార్జింగు కొరకు ప్లగ్గు నుండి తీసివేసి ఉండవచ్చును. ఇది నవ్వులాట మాట కాదు. చాలా ఇళ్లలో జరుగుచున్నది ఇదే.

మొదటి ప్రశ్న: ఇంటర్నెట్టే లేదా, ఆ పెట్టెకు మాత్రమే లేదా?

ఫోను పట్టుకొని పెద్ద పెట్టె పక్కన నిలబడండి. అక్కడ ఇంటర్నెట్టు వస్తున్నదా? అక్కడ కూడా రాకపోతే వెనుక గదిలోని పెట్టెను తిట్టి ప్రయోజనము లేదు. మోడెమ్ మీద దీపములు చూడండి. ఎల్ ఓ ఎస్ అని వ్రాసిన దీపము ఎర్రగా వెలిగితే వీధిలో నుండి వెలుగు మోడెమ్‌కు అందుట లేదని అర్థము. ఎక్కడో తీగ తెగి ఉండవచ్చును, వంగి ఉండవచ్చును, ఎలుక కొరికి ఉండవచ్చును. అది మన చేతిలో పని కాదు, కనెక్షను ఇచ్చినవారికి ఫోను చేయవలెను. ఒక జాగ్రత్త. ఆ సన్నని ఫైబరు తీగ కొసలోనికి కన్ను పెట్టి చూడరాదు. అందులో నడిచే లేజరు వెలుగు కంటికి కనబడదు గాని కంటికి హాని చేయగలదు. పిల్లలకు తప్పక చెప్పండి.

పెద్ద పెట్టె దగ్గర ఇంటర్నెట్టు బాగానే ఉండి, వెనుక గదిలో మాత్రమే లేకపోతే, అప్పుడు మన వెదకులాట ఇంటిలోపలికి వచ్చినట్లు. మా ఇంట్లో ఆ ఉదయము సంగతి ఇదే. ముందు గదిలో అన్నీ బాగున్నవి. నడిమి గది దీపము ఆకుపచ్చ. వెనుక గది దీపము మాత్రము ఎరుపు.

దీపముల రంగులు అన్ని కంపెనీలకు ఒకటి కావు. కొన్నిటికి తెలుపు మంచిది, కొన్నిటికి ఆకుపచ్చ, కొన్నిటికి నీలము. కొన్న దినమున పెట్టెతో వచ్చిన చిన్న పుస్తకమును పారవేయక దాచుకొనండి. ఏ రంగుకు ఏ అర్థమో అందులో ఉంటుంది.

రెండవది: వరుస తప్పకుండా ఆపి మరల వేయుట

అన్ని స్విచ్చులు ఒకేసారి వేయరాదు. ముందు అన్నీ ఆపండి. మొదట మోడెమ్ వేసి, దాని దీపములు నిలకడగా వెలుగు వరకు రెండు మూడు నిమిషములు ఆగండి. తరువాత పెద్ద పెట్టె వేసి మరల రెండు మూడు నిమిషములు ఆగండి. తరువాత నడిమిది. ఆఖరున వెనుకది. ఒకదాని చేయి మరొకటి పట్టుకొని లేవవలసినవి గనుక ఈ వరుస. కరెంటు పోయి వచ్చిన తరువాత ఒక పెట్టె మాత్రము ఎర్రగా మిగిలిపోతే ఎక్కువ సార్లు ఇంతటితోనే బాగవుతుంది.

మాకు బాగవలేదు. దీపము కాసేపు మిణుకుమిణుకుమన్నది, మరల ఎర్రబడింది.

మేము చేసిన పొరపాటు

ఇక్కడ మేము ఒక పరీక్ష చేశాము. పరీక్ష మంచిదే, చేసిన తీరే చెడ్డది. దాపరికము లేకుండా చెబుతాము, మీరు మాలాగు చేయకుందురు గాక.

నడిమి పెట్టెను వెనుకకు, వెనుక పెట్టెను నడిమికి మార్చాలి. మార్చిన తరువాత రోగము పెట్టెతో పాటు నడిమి గదికి వస్తే పెట్టె చెడినట్లు. రోగము వెనుక గదిలోనే నిలిచిపోతే పెట్టె మంచిదే, చోటు మంచిది కానట్లు. పది నిమిషముల పనితో ఇంత తెలుస్తుంది గనుక ఇది మంచి పరీక్ష.

మేము మార్చాము. వెనుక గది నుండి తెచ్చిన పెట్టె నడిమి గదిలో చక్కగా ఆకుపచ్చగా వెలిగింది. నడిమి గది నుండి తీసుకొనిపోయిన మంచి పెట్టె వెనుక గదిలో ఎర్రబడింది. "తెలిసిపోయింది, చోటులోనే ఉన్నది లోపము" అనుకొన్నాము. పండుగ ముందు ఇంటికి సున్నము వేయించినప్పుడు ఇనుప బీరువాను ఆ రెండు గదుల నడిమి గోడకు చేర్చి పెట్టిన సంగతి జ్ఞాపకము వచ్చింది. ఇనుము రేడియో తరంగములను అడ్డగిస్తుందని మాకు తెలుసును. ముగ్గురము కలిసి, బట్టలన్నీ దించి, ఆ బీరువాను ఎదుటి గోడకు జరిపాము. సగము దినము పోయింది, ఒకరికి నడుము పట్టింది. దీపము ఎర్రగానే ఉన్నది.

సాయంత్రము పక్కింటి కుర్రవాడు వచ్చాడు. పాలిటెక్నిక్ చదువుచున్నాడు. మా కథ అంతా విని, వెనుక గదిలోని పెట్టెను తీగతో సహా తీసి ముందు గదిలో పెద్ద పెట్టె పక్కన పెట్టి వేశాడు. అక్కడ మూరెడు దూరము కూడా లేదు, గోడ లేదు, బీరువా లేదు. అయినను దీపము మిణుకుమిణుకుమని ఎర్రబడింది. మాకు ఏమీ అర్థము కాలేదు. పెట్టె మంచిదని పొద్దున్నే తేలింది. ఇప్పుడు చోటు కూడా మారింది. మరి రోగము ఎక్కడున్నది?

"అయ్యగారూ, పొద్దున పెట్టెలు మార్చారు సరే. అడాప్టర్లు కూడా మార్చారా?" అన్నాడు.

మార్చలేదు. పెట్టెలనే మార్చాము. ప్లగ్గులోని అడాప్టర్లు ఎక్కడివి అక్కడే ఉండిపోయినవి. అందుచేతనే రోగము వెనుక గదిలో నిలిచిపోయింది. అతడు అడాప్టరు తిప్పి దాని మీది సన్న అక్షరములు చదివాడు. 9 వోల్టులు, 0.6 ఆంపియర్లు. పెట్టె అడుగున వ్రాసినది 12 వోల్టులు, 1 ఆంపియరు. ఆ అడాప్టరు ఆ పెట్టెది కానే కాదు. సున్నము వేసేటప్పుడు ఇంట్లోని ప్లగ్గులన్నీ తీసి ఒక బుట్టలో వేశాము. పాత మోడెమ్ తాలూకు అడాప్టరు కూడా అందులోనే ఉన్నది. చూచుటకు రెండూ ఒకటే నలుపు, మొన కూడా ఒకటే. తిరిగి బిగించేటప్పుడు అది దీనికి తగిలించాము. అసలైనది పాత తీగల డబ్బాలో దొరికింది. గుచ్చగానే రెండు నిమిషములలో దీపము ఆకుపచ్చగా మారింది.

చాలని కరెంటుతో పెట్టె పూర్తిగా చనిపోదు. దీపము వెలుగుతుంది, లోపల లేవడానికి ప్రయత్నిస్తుంది. రేడియో గట్టిగా మాట్లాడవలసి వచ్చేసరికి శక్తి చాలక పడిపోతుంది, మరల లేస్తుంది, మరల పడిపోతుంది. కడుపు నిండని కూలివాడు బరువెత్తినట్లే. అందుచేత దీపము వెలుగుచున్నది గదా, కరెంటు బాగానే ఉన్నది అనుకొనరాదు. అడాప్టరు మీది వోల్టులు పెట్టె మీద వ్రాసిన వోల్టులకు సరిగా సమానముగా ఉండవలెను. ఆంపియర్లు సమానముగా గాని ఎక్కువగా గాని ఉండవచ్చును, తక్కువ ఉండరాదు. మొన మీది ప్లస్, మైనస్ గుర్తులు కూడా కలవవలెను. ఇప్పుడు మా ఇంట్లో ప్రతి అడాప్టరుకు ఒక తెల్లకాగితపు ముక్క అంటించి, దేనిదో పేరు వ్రాశాము.

మేము నేర్చుకొన్న పాఠము రెండు మాటలలో చెప్పవచ్చును. మార్చి చూచునప్పుడు ఏమి మార్చామో, ఏమి మార్చలేదో రెండూ కాగితము మీద వ్రాసుకొనవలెను. ఒకసారికి ఒక్కటే మార్చవలెను. అన్నిటి కంటె ముందు చేయవలసిన పరీక్ష ఆ కుర్రవాడు చేసినది. రోగమున్న పెట్టెను దాని అడాప్టరుతో సహా పెద్ద పెట్టె పక్కకు తీసుకొనిపోయి వేయుట. అక్కడ కలిస్తే లోపము దూరములోనో గోడలోనో ఉన్నది. అక్కడ కూడా కలవకపోతే లోపము పెట్టెలో గాని, అడాప్టరులో గాని, అమరికలో గాని ఉన్నది. దీనిని మొదటనే చేసి ఉంటే బీరువా జరుపు పని మాకు తప్పేది.

చోటే లోపమైతే

మా ఇంట్లో చోటు కారణము కాకపోయినను, మీ ఇంట్లో అదే కావచ్చును. వైఫై ఎక్కువగా రెండు రకముల తరంగములను వాడుతుంది. 2.4 గిగాహెర్ట్జ్ తరంగము నెమ్మదిది గాని దూరము పోతుంది, గోడలను కొంత మేరకు దాటుతుంది. 5 గిగాహెర్ట్జ్ తరంగము వేగము గలది గాని గోడ తగిలితే త్వరగా అలసిపోతుంది. పెట్టెలు తమలో తాము మాట్లాడుకొనుటకు ఎక్కువగా ఈ రెండవ దానినే వాడుకొంటాయి. అందుచేత ఫోనుకు వైఫై కనబడుచున్నను, పెట్టెకు పెట్టె కలవకపోవచ్చును.

ఎక్కువ మంది చేయు తప్పు ఒకటి కలదు. వైఫై రాని గదిలోనే పెట్టె పెట్టుట. నీరు అందని చోట మోటారు బిగిస్తే ఏమి లాగుతుంది? పెట్టెను సిగ్నలు ఇంకా బాగున్న చోట, రెండు పెట్టెలకు ఇంచుమించు సగము దూరములో ఉంచవలెను. అక్కడ నుండి అది ముందుకు అందిస్తుంది. మామూలు ఇటుక గోడల ఇంటిలో నడుమ రెండు గదులు, సుమారు 30 అడుగుల దూరము ఉంటే మంచిది. రాతి గోడలైతే ఇంకా దగ్గరగా ఉండవలెను.

పెట్టె ఉంచకూడని చోట్లు కొన్ని. ఇనుప బీరువా వెనుక, ఇనుప మంచము క్రింద, రేకుల గోడకు ఆనించి, నిలువుటద్దము వెనుక, నీళ్ల డ్రమ్ము పక్కన, టీవీ వెనుక. నీరు కూడా ఈ తరంగములను మింగివేస్తుంది. మైక్రోవేవ్ ఓవెన్ ఉన్నవారు దాని పక్కన ఉంచరాదు, అది నడుచునప్పుడు 2.4 గిగాహెర్ట్జ్ వైఫైని చెదరగొడుతుంది. నేల మీద కాక ఛాతీ ఎత్తున, తలుపు దారిలో నుండి ఎదుటి పెట్టె కనబడునట్లుండే బల్ల మీద ఉంచితే శ్రేష్ఠము. తలుపు తెరిచి ఉంటే కలిసి, మూస్తే పోయే ఇళ్లు కూడా ఉన్నవి.

ఫోనులోని యాప్ కొన్నిటిలో సిగ్నలు బలమును అంకెలలో చూపుతుంది. అంకె ముందు మైనస్ గుర్తు ఉంటుంది. సున్నకు ఎంత దగ్గరైతే అంత బలము. మైనస్ 50 చాలా బాగున్నట్లు, మైనస్ 65 సరిపోయినట్లు, మైనస్ 80 అయితే తెగిపోవుటకు సిద్ధముగా ఉన్నట్లు.

ఇంకొక సంగతి. పెట్టె ఉన్నట్టుండి పోయి, కొద్ది నిమిషములకు తానే తిరిగి వస్తుంటే, 5 గిగాహెర్ట్జ్‌లో ఛానలు సంఖ్య చూడండి. 52 నుండి 144 వరకు గల ఛానళ్లు రాడార్లతో పంచుకొన్నవి. రాడారు ఉన్నదని అనుమానము వచ్చిన వెంటనే పెట్టె ఆ ఛానలును విడిచిపోవలెనని అనేక దేశములలో నియమము. అప్పుడు ముడి కాసేపు ఊడుతుంది. మీ యాప్ ఒప్పుకొంటే 36 నుండి 48 లోపు ఛానలు పెట్టుకొనండి.

మరల జత చేయుట

పెద్ద పెట్టె పక్కన పెట్టినను, సరైన అడాప్టరు వేసినను కలవకపోతే, అప్పుడు అమరిక సంగతి చూడవలెను. ఈ పెట్టెలలోని ప్రోగ్రాము అప్పుడప్పుడు రాత్రి వేళ తానే క్రొత్తదిగా మార్చుకొంటుంది. ఆ రాత్రి ఒక పెట్టె ఆగి ఉంటే అది పాత ప్రోగ్రాముతోనే మిగిలిపోతుంది. ఇద్దరి భాష కొంచెము వేరైనట్లు మాట కలవదు. యాప్ తెరచి అప్‌డేట్ ఉన్నదేమో చూచి, అన్ని పెట్టెలకు ఒకే ప్రోగ్రాము వచ్చునట్లు చేయండి. అది జరుగుచుండగా కరెంటు ఆపరాదు. నడుమ ఆగితే పెట్టె పూర్తిగా పాడు కావచ్చును.

ఆఖరి ఉపాయము, రీసెట్. యాప్‌లో నుండి ఆ ఒక్క పెట్టెను తొలగించి, పెట్టె మీది సన్న రంధ్రములో పిన్నుతో దీపము మారు వరకు నొక్కి పట్టి, పెద్ద పెట్టె ఉన్న గదిలోనే మరల క్రొత్తగా జత చేసి, ఆ తరువాత దాని చోటికి తీసుకొనిపోవలెను. అయితే తొందరలో పెద్ద పెట్టెను రీసెట్ చేయకండి. దానిలో వైఫై పేరు, రహస్య పదము, కొందరికి కనెక్షను వారిచ్చిన యూజరు పేరు, పాస్‌వర్డు కూడా ఉంటాయి. అన్నీ చెరిగిపోతాయి. ఒక ముడి ఊడిందని వల అంతా విప్పుకొన్నట్లవుతుంది. ఆ వివరములను నేడే ఒక నోటు పుస్తకములో వ్రాసి పెట్టుకొనుట మేలు.

పాతది పాడైతే వేరొక కంపెనీ పెట్టె తెచ్చి చేర్చవచ్చునా అని కొందరడుగుతారు. సాధారణముగా కలవవు. వేరు వేరు కంపెనీల పెట్టెలు కలిసి పని చేయుటకు ఈజీమెష్ అను ఉమ్మడి పద్ధతి 2018లో వచ్చింది గాని, అన్ని కంపెనీలు దానిని పాటించవు. కొనకముందే అడిగి తెలుసుకొనండి.

తీగ లాగగలిగితే

గోడలు మందమైన ఇంటికి అన్నిటి కంటె నమ్మకమైన దారి తీగ. క్యాట్ 5ఇ గాని క్యాట్ 6 గాని తీగను పెద్ద పెట్టె నుండి వెనుక పెట్టెకు లాగితే, 100 మీటర్ల వరకు గోడ మందముతో పని లేదు. చాలా పెట్టెలు తీగ తగిలించగానే తామే గుర్తించి దాని మీద నడుస్తాయి. ఎలుకలున్న ఇంట్లో గొట్టములో వేయించండి. ఆరుబయట నుండి వేరొక కట్టడమునకు లాగితే ఉరుములు మెరుపులున్నప్పుడు తీసివేయండి. మేము కూడా వానలు రాకముందే ఈ పని చేయించాలని నిశ్చయించుకొన్నాము.

కరెంటు కోతలకు చిన్న యూపీఎస్‌లు వచ్చినవి. మోడెమ్‌కు, పెద్ద పెట్టెకు మాత్రమే పెట్టి నడిమి పెట్టెను మరచిపోతే, కోత సమయములో వెనుక గది మరల చీకటే. వరుసలోని ప్రతి పెట్టెకు ఆధారము ఉండవలెను.

ఫోనును కూడా పరీక్షించండి

పెట్టె బాగైనంత మాత్రాన పని ముగియదు. అమ్మ ఫోనులో వైఫై కాలింగ్ మీట వేసి ఉన్నదా? దానిని ఇలా పరీక్షించవచ్చును. ఫోనును విమానపు గుర్తు గల మోడ్‌లో పెట్టి, వైఫై మాత్రము వేసి, కాల్ చేయండి. కాల్ వెళ్లితే అది వైఫై మీదనే వెళ్లినట్లు. వెళ్లకపోతే టవరు సిగ్నలు మీద ఆధారపడుచున్నట్లు. పరీక్ష అయిన తరువాత ఆ మోడ్‌ను మరల తీసివేయుట మరువకండి. కొన్నిసార్లు ఫోను దగ్గరి పెట్టెను విడిచి దూరపు పెట్టెనే పట్టుకొని ఉంటుంది. వైఫై ఆపి మరల వేస్తే దగ్గరిదానికి వస్తుంది. మోడెమ్‌కు కూడా సొంత వైఫై ఉన్నట్లయితే ఆపివేయండి. ఫోను దానిని పట్టుకొని తికమక పడుతుంది.

గోడకు అంటించుకొనుటకు

ఈ క్రింది మాటలు కాగితము మీద పెద్ద అక్షరములతో వ్రాసి పెట్టె దగ్గర అంటించుకొనండి.

1. పెద్ద పెట్టె దగ్గర ఇంటర్నెట్టు ఉన్నదా? లేకపోతే కనెక్షను వారికి ఫోను చేయాలి.
2. నడిమి పెట్టె వెలుగుచున్నదా?
3. మోడెమ్, పెద్దది, నడిమిది, వెనుకది. ఈ వరుసలో ఆపి వేయాలి.
4. ఎర్ర దీపము పెట్టెను అడాప్టరుతో సహా పెద్ద పెట్టె పక్కకు తేవాలి.
5. అక్కడ కలిస్తే చోటు మార్చాలి. కలవకపోతే అడాప్టరు అంకెలు చదవాలి.
6. తరువాత అప్‌డేట్. అన్నిటికీ ఆఖరున ఆ ఒక్క పెట్టెకు రీసెట్.

ఇంకొక్క మాట

దీపము ఆకుపచ్చబడిన సాయంత్రము మేము సంతోషముతో అమ్మ దగ్గరకు వెళ్లి, "ఇక భయము లేదమ్మా, బాగైంది" అన్నాము. అమ్మ ఫోను చేతిలో తిప్పుతూ, "మళ్లీ పాడవదా నాయనా?" అని అడిగింది. మాకు జవాబు రాలేదు. పాడవుతుంది. కరెంటు పోవచ్చును, ఫైబరు తెగవచ్చును, మేము మరల తప్పు తీగ గుచ్చవచ్చును. ఊపిరాడని మనిషి పిలుపు ఇన్ని పెట్టెలు దాటి రావలెనని ఏర్పాటు చేసినది మేమే. అందులో ఒకటి ఎర్రబడిన సంగతి చూచి మూడు దినములు ఊరుకొన్నదీ మేమే. తప్పు అడాప్టరుది మాత్రమే కాదు.

మరునాడు బజారుకు వెళ్లి బ్యాటరీతో మ్రోగే గంట ఒకటి తెచ్చాము. తలుపు చట్రము పక్కగా సన్నని తీగ లాగి, మీట అమ్మ మంచము తలాపున, గంట మా తలాపున బిగించాము. దీనికి ఇంటర్నెట్టు అక్కరలేదు, కరెంటు అక్కరలేదు. ఖర్చు స్వల్పము. వృద్ధులు, రోగులు వేరే గదిలో పడుకొను ప్రతి ఇంటిలోను వైఫై ఉన్నను లేకున్నను ఇటువంటిదొకటి ఉండవలెనని మా మనవి. వైఫై కాల్ ఉండనీయండి, దానితో మనవల ముఖములు చూచుకొంటారు, మాట్లాడుకొంటారు. అయితే ప్రాణము సంగతి దాని ఒక్కదాని మీదనే ఉంచకండి.

గంట సరిగా పని చేయుచున్నదో లేదో తెలియుటకు ప్రతి రాత్రి పడుకొనే ముందు ఒకసారి నొక్కమని అమ్మకు చెప్పాము. తొమ్మిదిన్నరకు ఒక్కసారి మ్రోగుతుంది. ఆ శబ్దము విన్న తరువాతనే మేము ఇప్పుడు దీపము ఆర్పుచున్నాము.

మీ ఇంటి వెనుక గదిలో ఏ రంగు దీపము వెలుగుచున్నదో ఈ పత్రిక ప్రక్కన పెట్టి ఒకసారి వెళ్లి చూడండి. మరల వచ్చే నెల కలుసుకొందాము.